బొగోటాకి ఇంటి నుంచి పెద్దవాళ్ళు వస్తే ఊరు ఎలా తిప్పి చూపించాలి

పోయినేడు మా అత్తయ్య తెనాలి నుంచి కొలంబియా రాజధాని బొగోటా వచ్చి మా దగ్గర ఇరవై రోజులు ఉన్నారు. మా ఆయనకి రోజూ ఆఫీసు, నాకు ఇంటి నుంచే పని, అందుకని ఊరంతా దాదాపు నేనూ అత్తయ్యే తిరిగాం. అంతకు ముందు మా అన్నయ్య వచ్చినప్పుడు పెద్ద లిస్టు రాసుకుని దిగిన మర్నాడే మోన్సెరాతె కొండ ఎక్కించేశాను, ఆ సాయంత్రం తలనొప్పితో పడుకున్న మనిషి రెండు రోజులు మంచం దిగలేదు, ఉన్నదే ఆరు రోజులు, అందులో రెండు అలా పోయాయి. ఆ బాధ మనసులో ఉండబట్టి అత్తయ్య వచ్చేసరికి పద్ధతి మొత్తం మార్చాను. ఏ రోజు ఎక్కడికి అనేది మన లిస్టు బట్టి కాదు, వచ్చినవాళ్ళ ఊపిరి బట్టి పెట్టుకోవాలి. ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళ ఇళ్ళకి అమ్మానాన్నలో అత్తమామలో వస్తుంటే పనికొస్తుందని వరసగా రాస్తున్నా.

ఊపిరి అని ఎందుకంటున్నానంటే బొగోటా సముద్ర మట్టానికి సుమారు 2,640 మీటర్ల ఎత్తులో ఉంది, ఊటీ కన్నా ఎత్తు. సముద్రం దగ్గర ఊళ్ళతో పోలిస్తే ఇక్కడ గాలి ఒత్తిడి పావు వంతు తక్కువ, అంటే పీల్చే ప్రతి ఊపిరిలోనూ ఆక్సిజన్ ఆ మేరకి తగ్గినట్టే. డెల్టా ఊరి నుంచి ఒక్క రోజులో ఇక్కడికొచ్చి దిగిన మనిషికి రెండో అంతస్తు మెట్లు ఎక్కితే గుండె దడదడలాడుతుంది. అది జబ్బు కాదు, ఒళ్ళు అలవాటు పడటానికి టైం అడుగుతోంది అంతే. ఆ టైం ఇవ్వాలి.

ముందు కాగితాలు, సూది సంగతి చూసుకోండి. ఇది టికెట్ బుక్ చేసే రోజునే మొదలుపెట్టాలి. కొలంబియా ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల లిస్టులో ఉంది కాబట్టి ఇక్కడి నుంచి తిరిగి ఇండియాలో దిగేటప్పుడు ఆ టీకా వేయించుకున్న కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. బొగోటా ఎత్తులో ఆ దోమ బతకదు, అయినా రూలు దేశం మొత్తానికీ కలిపి. టీకా వేసిన 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. అరవై దాటినవాళ్ళకి మాత్రం ఈ టీకాతో కొంచెం రిస్కు ఉంటుంది, వెయ్యొచ్చా లేదా అన్నది డాక్టరే చెప్పాలి, మీరు నిర్ణయించకండి. అదే డాక్టరు దగ్గర ఎత్తు సంగతి కూడా చెప్పి బీపీ, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నాయేమో చూపించండి. అత్తయ్యకి బీపీ ఉంది, డాక్టరు మాత్రలు అలాగే వాడమని, మొదటి మూడు రోజులు బరువులు ఎత్తొద్దని చెప్పారు. వీసా విషయం పాస్‌పోర్టు బట్టీ చేతిలో ఉన్న వేరే వీసాల బట్టీ మారుతుంది కాబట్టి కొలంబియా విదేశాంగ శాఖ సైటులోనే చూసుకోండి, ఎవరో వాట్సాప్‌లో పెట్టింది నమ్మకండి. ఇండియా నుంచి నేరుగా ఫ్లైట్ లేదు, పారిస్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారి రావాలి, అక్కడ వీల్‌చెయిర్ సాయం ముందే బుక్ చేస్తే పెద్దవాళ్ళకి గేటు వెతుక్కునే కంగారు ఉండదు.

బట్టలు. ఇక్కడ ఏడాది పొడుగునా ఒకటే వాతావరణం, తెల్లారుజామున ఏడెనిమిది డిగ్రీలు, మధ్యాహ్నం పంతొమ్మిది దాకా. ఏప్రిల్, మేలోనూ అక్టోబర్, నవంబర్‌లోనూ వానలు ఎక్కువ, కుదిరితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు రప్పించండి. లావు స్వెటర్ ఒకటి కన్నా పల్చటివి రెండు మూడు మేలు, ఎండొస్తే విప్పాలి, మబ్బు పడితే వెయ్యాలి, ఒక్క పూటలోనే ఇది నాలుగుసార్లు జరుగుతుంది. చీర కట్టుకునేవాళ్ళు లోపల థర్మల్ లెగ్గింగ్, కాళ్ళకి సాక్సు, బూట్లు వేసుకుంటే చాలు, అత్తయ్య ఇరవై రోజులూ నేత చీరల్లోనే తిరిగారు. ఎండ చల్లగా అనిపించినా ఈ ఎత్తులో చురుక్కుమంటుంది, టోపీ, సన్‌స్క్రీన్ మర్చిపోవద్దు.

దిగాక మొదటి రెండు రోజులు ఎక్కడికీ తీసుకెళ్ళకండి. మనకీ ఇక్కడికీ పదిన్నర గంటల తేడా, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు, మధ్యాహ్నం నాలుగింటికి కళ్ళు మూతలు పడతాయి. నీళ్ళు ఎక్కువ తాగించండి, కుళాయి నీళ్ళు తాగొచ్చు, ఈ ఊరి నీళ్ళలో చాలా భాగం చింగాసా అనే చలి కొండల నుంచి వస్తాయి. రాత్రి తిండి తేలిగ్గా పెట్టండి. ఇక్కడ నీళ్ళు 91 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి కాబట్టి గిన్నెలో వండిన అన్నం పలుకు పలుగ్గా ఉండిపోతుంది, పప్పు గంటసేపు ఉడికినా మెత్తబడదు. కుక్కర్ తప్పనిసరి. అత్తయ్య మొదటి రోజు వంటింట్లోకెళ్ళి "ఇదేం పప్పమ్మా, ఎంతకీ ఉడకదు" అని గరిటెతో నొక్కి నొక్కి చూస్తుంటే అప్పుడు కూర్చోబెట్టి ఎత్తు సంగతంతా చెప్పాను. పప్పు ఉడకని చోట తన గుండె కూడా కొంచెం కష్టపడుతుందని ఆవిడకి అలా బాగా ఎక్కింది, తర్వాత మెట్లెక్కేటప్పుడు ఆవిడే ఆగి ఆగి ఎక్కారు.

ఈ రెండు రోజుల్లో తాగించాల్సింది ఒకటుంది, అగువాపనేలా. పనేలా అంటే అచ్చం మన బెల్లమే, చెరకు రసం కాచి అచ్చుల్లో పోసిన గట్టి దిమ్మ. దాన్ని వేడి నీళ్ళలో కరిగించి నిమ్మకాయ పిండి ఇస్తారు. ఇక్కడ జలుబు చేసినా, చలేసినా, కొత్తగా ఎత్తుకొచ్చి నీరసపడినా ఇంట్లో పెద్దవాళ్ళు ముందు ఇచ్చేది ఇదే. ప్రపంచంలో బెల్లం ఎక్కువ చేసే దేశాల్లో మన తర్వాత కొలంబియానే. అత్తయ్య దిమ్మ చేతిలోకి తీసుకుని గోరుతో గీరి వాసన చూసి, ఒక మూల కొట్టి నోట్లో వేసుకుని, "అనకాపల్లి బెల్లం కన్నా కాస్త ముదురు పాకం" అన్నారు. ఆ క్షణం నుంచి ఆవిడకి ఈ ఊరు పరాయి ఊరు అనిపించలేదు. మీ ఇంటికొచ్చినవాళ్ళకి కూడా మ్యూజియం కన్నా ముందు పనేలా చూపించండి.

రెండో రోజు సాయంత్రం ఇంటి చుట్టూ అరగంట నడిపిస్తూ దారులు నేర్పించండి. మీరు పక్కన లేని నిమిషంలో కూడా వాళ్ళకి ఊరు అర్థమవ్వాలి. కొండలు ఎప్పుడూ తూర్పునే ఉంటాయి, అంతే, ఇది ఒక్కటి పట్టుకుంటే చాలు. కొండల వెంబడి ఉత్తర దక్షిణాలుగా పోయే రోడ్లు కర్రేరాలు, కొండల వైపు నుంచి పడమటికి పోయేవి కాయేలు. కాయే నంబరు పెరిగితే ఉత్తరానికి పోతున్నట్టు, కర్రేరా నంబరు పెరిగితే కొండలకి దూరంగా పోతున్నట్టు. అడ్రసులో కాయే 26, నంబరు 13-19 అని ఉంటే 26వ కాయే మీద 13వ కర్రేరా మూల నుంచి 19 మీటర్లు. మన ఊళ్ళలో లాగా గుడి పక్కన, రావిచెట్టు ఎదురుగా అని గుర్తులు చెప్పక్కర్లేదు. మీ ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు స్పానిష్‌లో ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టండి.

జాగ్రత్తలు కూడా అప్పుడే చెప్పాలి, భయపెట్టకుండా. ఇక్కడి వాళ్ళే రోజుకి పదిసార్లు అనే మాట ఒకటుంది, "నో దార్ పపాయా". అంటే బొప్పాయి ఇవ్వకు అని. బొప్పాయి చేతిలో పెట్టుకుని ఎదురుగా చాపితే ఎవడో ఒకడు లాక్కుపోతాడు, అలా చాపకు అని దాని భావం. రోడ్డు మీద ఫోన్ బయటికి తియ్యొద్దు, మ్యాపు చూడాలంటే ఏదైనా షాపులోకి వెళ్ళి చూసుకోవాలి. మంగళసూత్రం, గాజులు బంగారంవి అయితే ఇంట్లో పెట్టించండి. ఈ విషయంలో పెద్దవాళ్ళకి మనసొప్పదు, అత్తయ్య కూడా ఒప్పుకోలేదు, చివరికి పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని బంగారం బీరువాలో పెట్టారు. బలవంతం చెయ్యకుండా ఇలాంటి దారి చూపించండి. సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడిపోతుంది, ఇక్కడ ఏడాదంతా అంతే, కాబట్టి ఐదున్నరకి ఇంటి దారి పట్టడం అలవాటు చేసుకోండి.

డబ్బు గురించి ఒక్క ముక్క. పెసోకి కూడా డాలర్ గుర్తే వేస్తారు, మెనూలో కాఫీ ఎదురుగా ఆ గుర్తు, పక్కన వేలల్లో అంకె చూస్తే కొత్తవాళ్ళకి గుండె ఆగినంత పనవుతుంది. రూపాయికి నలభై యాభై పెసోల మధ్య ఉంటుందని ముందే చెప్పండి.

మూడో రోజు గానీ నాలుగో రోజు గానీ పాత ఊరికి, అంటే లా కందెలారియాకి వెళ్ళండి. రోజు చూసి ఎంచుకోండి, సోమవారం బంగారు మ్యూజియం మూసేస్తారు, మంగళవారం బొతేరో మ్యూజియం మూసేస్తారు, ఆదివారం బంగారు మ్యూజియం ఫ్రీ గానీ విపరీతమైన జనం. బుధ, గురువారాలు నాకు నచ్చాయి. పొద్దున తొమ్మిదింటికి టాక్సీలో వెళ్ళి ముందు బయట చూడాల్సినవి చూసెయ్యండి, మధ్యాహ్నం వాన పడే వేళకి మ్యూజియం లోపల ఉండేలా. ప్లాసా దె బొలీవార్ మధ్యలో నిలబడితే తూర్పున పెద్ద కేథడ్రల్, దక్షిణాన పార్లమెంటు, పడమర మేయర్ ఆఫీసు, ఉత్తరాన సుప్రీంకోర్టు ఉండే న్యాయ భవనం. నాలుగింటిలోకీ కొత్తగా కనిపించేది అదే. 1985 నవంబరులో గెరిల్లాలు దాన్ని ఆక్రమిస్తే సైన్యం దిగింది, మంటల్లో పాత భవనం కాలిపోయింది, జడ్జిలతో సహా వందమంది దాకా పోయారు. అది చెప్పకుండా పావురాలకి గింజలు వేయించి ఫోటో తీసి వచ్చెయ్యొద్దని నా అభిప్రాయం, ఈ ఊరి మనుషులు శాంతి అన్న మాట పలికేటప్పుడు గొంతు ఎందుకు మారుతుందో వచ్చినవాళ్ళకి తెలియాలి.

అక్కడి నుంచి మెల్లగా పైకి నడిస్తే బొతేరో మ్యూజియం, టికెట్ లేదు. ఫెర్నాందో బొతేరో తను వేసినవి 123, తను కొన్న వేరే పెద్ద చిత్రకారులవి 85, అన్నీ దేశానికి ఊరికే ఇచ్చేశాడు, ఎవరూ డబ్బు కట్టకుండా చూడాలన్నదే ఆయన కోరిక. మనుషులు, పళ్ళు, గుర్రాలు అన్నీ బొద్దుగా ఉంటాయి. ఒక గంట చాలు, మధ్యలో కూర్చోడానికి వాకిలి ఉంది, మొక్కల మధ్య.

కానీ ఎక్కువ టైం పెట్టాల్సింది బంగారు మ్యూజియంలో. మూడు అంతస్తులూ చూడాలని పంతం పట్టకండి, కాళ్ళు లాగేస్తాయి, లిఫ్టులో నేరుగా పైకి వెళ్ళి, ముయిస్కా అనే ఇక్కడి పాతకాలపు జాతివాళ్ళు చేసిన బంగారు పడవ దగ్గరికి తీసుకెళ్ళండి. ఇరవై సెంటీమీటర్లు కూడా లేదు, అరచేతిలో పట్టేంత. 1969లో పాస్కా అనే ఊరి దగ్గర ఒక గుహలో మట్టి కుండలో రైతులకి దొరికింది. తెప్ప మీద మధ్యలో పెద్దగా నాయకుడు, చుట్టూ చిన్న చిన్న మనుషులు, ఒక్కొక్కరి చేతిలో ఏదో ఒకటి. గ్వాతవీతా అనే సరస్సులో కొత్త నాయకుడు ఒంటినిండా బంగారు పొడి పూసుకుని తెప్ప మీద నడిమధ్యకి వెళ్ళి బంగారం, పచ్చలు నీళ్ళలో సమర్పించేవాడట, ఎల్ దొరాదో అంటే బంగారు పూత మనిషి అని అర్థం, మీవాళ్ళు దిగిన ఎయిర్‌పోర్టు పేరు కూడా అదే. స్పానిష్ వాళ్ళు దాన్ని బంగారు నగరం అనుకుని వందల ఏళ్ళు వెతికారు.

ఆ పడవ ఎలా చేశారో పక్కన బొమ్మలతో చూపించారు, నేను చదివి చెప్పాను. ముందు మైనంతో ప్రతి చిన్న భాగం చేసి, చుట్టూ మట్టి పూసి, కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు, చల్లారాక మట్టి పగలగొడతారు, ఒక అచ్చు ఒక్కసారికే. అత్తయ్య వెంటనే "ఆదిలాబాద్ డోక్రా బొమ్మలు ఇలాగే కదమ్మా చేస్తారు" అన్నారు. నిజమే, అదే పద్ధతి. ఆవిడ రిటైర్ కాకముందు స్కూల్లో డ్రాయింగ్ చెప్పేవారు, పిల్లలకి మట్టితో అచ్చులు చేయించేవారు. అద్దానికి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి, నాయకుడి ముక్కుకున్న ఆభరణం, సన్న తీగ లాంటి చేతులు, తెప్ప అంచున చుట్టిన చుట్టలు ఒక్కొక్కటీ నాకు చూపించారు. నేను అప్పటికి మూడుసార్లు చూసిన పడవే, ఆ తీగ చేతులు మాత్రం నాకు కనిపించింది ఆ రోజే. వచ్చినవాళ్ళకి తెలిసిన పని ఏదో కనుక్కుని దాని దగ్గర వాళ్ళని వదిలెయ్యండి, మీరు గైడులా తోసుకుంటూ పోవద్దు. బయటికొచ్చే ముందు సమర్పణ గది అని ఒక గుండ్రటి చీకటి గది ఉంటుంది, తలుపులు మూసి పాట వినిపిస్తూ మెల్లగా లైట్లు వేస్తే చుట్టూరా గోడలనిండా బంగారం. చీకటి గదిలో ఇబ్బంది పడేవాళ్ళకి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

శాకాహారులకి తిండి గురించి ఇక్కడ వివరంగానే చెప్పాలి, ఎందుకంటే మాకు దెబ్బ తగిలింది. పాత ఊర్లో ఒక హోటల్లో వెజిటేరియనో అని అడిగితే సరేనన్నారు, పప్పు సూప్ తెచ్చారు, అత్తయ్య రెండు స్పూన్లు తాగాక అడుగున చిన్న మాంసం ముక్క తగిలింది. ఆవిడ ఏమీ అనలేదు, గ్లాసు నీళ్ళు తాగి చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్నారు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇక్కడ చాలామందికి మాంసం అంటే గొడ్డు మాంసమే, కోడి, పంది ముక్కలు, చికెన్ కాచిన నీళ్ళు అందులో లెక్క కాదు. అందుకని విడివిడిగా అడగాలి: సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ పెస్కాదో, సిన్ హామోన్, ఇ సిన్ కాల్దో దె పోయో. సిన్ అంటే లేకుండా, వరసగా మాంసం, కోడి, చేప, హామ్. చివరిది ముఖ్యం, చికెన్ రసం వద్దని. అహియాకో అనే బొగోటా బంగాళాదుంప సూప్ ఎంత పేరున్నదైనా అది కోడితోనే కాస్తారు. ధైర్యంగా పెట్టగలిగినవి అరెపా అనే మొక్కజొన్న రొట్టె, పతకోన్ అనే అరటికాయ బిళ్ళలు, పందెబోనో అనే చీజ్ రొట్టె, అవకాడో, పళ్ళు. ఇంకా చాక్లెట్. 1816 నుంచి నడుస్తున్న లా పుయెర్తా ఫాల్సా అనే చిన్న హోటల్ కేథడ్రల్ పక్క సందులోనే ఉంది, వేడి చాక్లెట్‌తో పాటు చీజ్ ముక్క ఇస్తారు, చీజ్ తుంపి చాక్లెట్‌లో వేసి కాసేపు ఆగి సాగుతుంటే స్పూనుతో తియ్యాలి. అక్కడ వడ్డించే ఆవిడ అత్తయ్యని "సుమెర్సే" అని పిలిచింది. అది బొగోటా, దాని చుట్టుపక్కల పాత ఊళ్ళ మాట, మన మీరు, తమరు లాంటి గౌరవమూ ఉంటుంది, కన్నా అన్నంత ముద్దూ ఉంటుంది. రెండూ ఒకే మాటలో పెట్టుకున్న భాష ఇది అని చెప్తే అత్తయ్య మిగతా రోజులన్నీ లిఫ్టులో కనబడిన ప్రతివాళ్ళనీ సుమెర్సే అనే పలకరించారు, వాళ్ళు కరిగిపోయారు.

ఐదో రోజు పాలోకెమావో మార్కెట్. ఉదయం ఏడింటికల్లా వెళ్ళండి, పూలు ఆ వేళకే బాగుంటాయి. పూల ఎగుమతిలో నెదర్లాండ్స్ తర్వాత కొలంబియాదే పేరు, ఈ బొగోటా మైదానంలోనే గులాబీలు పండిస్తారు, పొడుగు కాడల గులాబీలు కట్టలు కట్టలుగా నేల మీద పేర్చి ఉంటాయి. లోపల పళ్ళ వరస దగ్గర గంట పట్టినా తొందర పెట్టొద్దు. గ్వనాబనా మన లక్ష్మణఫలమే, సీతాఫలం చుట్టం. గులుపా, గ్రనదియా, కాగితం తొడుగులో ఉండే పసుప్పచ్చ ఉచువా, పసుపు పితాయా, లూలో. అమ్మేవాళ్ళు కోసి రుచి చూపిస్తారు, చూపించినందుకు ఒకటైనా కొనండి. లూలో పుల్లగా ఉంటుంది, జ్యూస్‌లో నీళ్ళా పాలా అని అడుగుతారు, నీళ్ళే చెప్పండి. తొమాతె దె ఆర్బోల్ అని కోడిగుడ్డు ఆకారంలో చెట్టు టమాటా ఒకటుంటుంది, అత్తయ్య అది కొరికి కళ్ళు చికిలించి "పచ్చడికి దీన్ని మించింది లేదు" అని కిలో తీసుకున్నారు. ఇంటికొచ్చి తొక్క ఒలిచి, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కొత్తిమీర వేసి నూరి ఇంగువ పోపు పెడితే, చింతపండు అవసరమే పడలేదు. ఎండిన గ్వందుల్ అడగండి, అవి కందులు, కరేబియన్ తీరం వైపు వాళ్ళ తిండి. చింతపండు కూడా దొరుకుతుంది. కరివేపాకు మాత్రం దొరకదు, వచ్చేటప్పుడు ఎండబెట్టి తెమ్మనండి. కారం లేని దేశం ఇది, ఆ సంగతి ముందే తెలియజేస్తే నిరాశ పడరు.

ఆదివారం మాత్రం దేనికీ వదులుకోకండి. ప్రతి ఆదివారం, పండగ సెలవుల్లో పొద్దున ఏడింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా పెద్ద రోడ్లు కార్లకి మూసేసి జనానికి వదిలేస్తారు, దాన్ని సిక్లోవియా అంటారు, 1974లో మొదలైంది, ఇప్పుడు 120 కిలోమీటర్లు దాటింది. కర్రేరా 7 మీద ఎక్కడైనా దిగి ఉత్తరానికి మెల్లగా నడవండి, సైకిళ్ళు ఎడతెగకుండా వస్తుంటాయి కాబట్టి అంచునే ఉండాలి. సైకిల్ పంక్చర్లు వేసేవాళ్ళు, బత్తాయి రసం తీసేవాళ్ళు, పచ్చి మామిడికాయ సన్నగా తరిగి ఉప్పు, నిమ్మరసం వేసి గ్లాసులో ఇచ్చేవాళ్ళు. కారం ఒక్కటే తక్కువ, అత్తయ్య రెండో వారం నుంచి చిన్న డబ్బాలో కారం వెంట తెచ్చుకున్నారు. పార్కుల్లో స్టేజి మీద ఒకరు చేసి చూపిస్తుంటే వందల మంది డాన్సులాంటి వ్యాయామం చేస్తారు, అరవైలు దాటిన ఆడవాళ్ళు బోలెడు మంది. నేను పక్కన కూర్చున్నా, అత్తయ్య కొంగు నడుముకి దోపి వెనక వరసలో నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టారు. పక్కనున్న ఆవిడ అత్తయ్య పేరు, ఊరు అడగలేదు, చేతులు ఎటు తిప్పాలో చూపించింది అంతే. ఓపికుంటే అక్కడి నుంచి ఉసాకెన్‌కి వెళ్ళండి, 1954 దాకా వేరే ఊరు అది, ఆదివారం చేతిపనుల సంత పెడతారు.

బస్సు ఎక్కించాలనుకుంటే ట్రాన్స్‌మిలేనియో, ఎర్ర బస్సులు, వాటికి వేరే లైను ఉంటుంది. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య పెద్దవాళ్ళతో ఎక్కొద్దు, కాలు పెట్టే చోటుండదు, జేబుదొంగలకి అదే టైం. పదిన్నరకి ఎక్కితే నీలం రంగు సీట్లు పెద్దవాళ్ళకి, కూర్చున్న కుర్రాళ్ళు చూడగానే లేస్తారు. తుయావె అనే బస్సు కార్డు ముందే రీఛార్జి చేసి పెట్టుకోండి.

వారం గడిచి, మెట్లెక్కితే ఆయాసం తగ్గిందని వాళ్ళే చెప్పాక అప్పుడు మోన్సెరాతె. ఇది 3,152 మీటర్లు, ఊరి కన్నా అయిదువందల మీటర్లు పైన. పైకి రోప్‌వే ఉంది, 1955 నాటిది, ఇంకోటి పట్టాల మీద తాడు లాగితే ఎక్కే రైలు పెట్టె, 1929 నుంచి ఉంది. రానూపోనూ టికెట్ తీసుకోండి, నడిచే దారిలో పెద్దవాళ్ళని పంపొద్దు. ఆదివారం టికెట్ తక్కువే గానీ మొక్కుల జనంతో లైను కిలోమీటరు సాగుతుంది, మామూలు రోజు పొద్దున్నే వెళ్తే మబ్బు దిగకముందే ఊరంతా కనిపిస్తుంది. పైన గుళ్ళో శిలువ మోస్తూ పడిపోయిన ఏసు విగ్రహం ఉంది, ఆయన కోసమే వస్తారు అందరూ, కొందరు రాతి మెట్ల మీద మోకాళ్ళతో ఎక్కుతారు. మేము వెళ్ళిన రోజు ఒక ముసలాయన అలా ఎక్కి వచ్చి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. అత్తయ్య అలిపిరి నుంచి మూడుసార్లు నడిచి ఎక్కిన మనిషి, ఆయన్ని చూసి ఏమీ మాట్లాడకుండా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చారు. పైన గంటన్నర ఉంటే చాలు, తల బరువెక్కితే ఇంకాసేపు చూద్దామని ఆగకుండా వెంటనే దించెయ్యండి.

ఇంకా రోజులు మిగిలితే సిపాకిరా ఉప్పు గని వెళ్ళొచ్చు, ఉత్తరానికి యాభై కిలోమీటర్లు, భూమి లోపల 180 మీటర్ల లోతున ఉప్పు రాతిలోనే చెక్కిన చర్చి, ఇప్పుడున్నది 1995లో తెరిచారు. లోపల చాలా దూరం వాలుగా నడవాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి నేనైతే చెప్పను. అత్తయ్య గోడ మీద వేలు రాసి నాలిక్కి పెట్టుకుని చూశారు, ఉప్పే.

వెళ్ళేటప్పుడు సామాన్ల సంగతి. పచ్చి పళ్ళు, పూలు పెట్టొద్దు. పనేలా దిమ్మలు రెండు, కాఫీ గింజలు మన ఫిల్టర్‌కి సరిపడా మరలో ఆడించి గాలి చొరకుండా కట్టించి పెట్టండి. అవెనీదా హిమేనెస్ రోడ్డు మీద చేతిలో కాగితం పొట్లాం విప్పి పచ్చలు చూపిస్తారు, ఎంత మెరిసినా అక్కడ కొనొద్దు, కావాలంటే బిల్లు, సర్టిఫికెట్ ఇచ్చే షాపులోనే. మందులు, స్వెటర్ చేతి సంచిలో. ఎల్లో ఫీవర్ కార్డు కూడా పాస్‌పోర్టుతో కలిపి అదే చేతి సంచిలో పెట్టండి, పెద్ద పెట్టెలో కాదు, హైదరాబాదులో దిగాక పెట్టెలు వచ్చే ముందే దాన్ని అడుగుతారు.